రెండు నొక్కండి

నేను ఒక బటన్ల ఫోన్‌ని. ఊళ్లో వాళ్లు నన్ను డబ్బా ఫోన్ అంటారు. నేనేమీ నొచ్చుకోను. అలా అనేవాళ్ల ఫోన్లు పూటపూటకీ గోడకి వేలాడి కరెంటు తాగుతుంటాయి. నేను ఆదివారం ఒకసారి తాగితే మళ్లీ గురువారం దాకా అడగను. నాకు టార్చిలైటు ఉంది, రేడియో ఉంది. సిమెంటు గట్టు మీద పడితే మూడు ముక్కలవుతాను, ఆ మూడూ ఏరి బిగిస్తే మళ్లీ లేచి కూర్చుంటాను. నాకున్న లోపం ఒక్కటే, నా రెండో నంబరు బటన్ పనిచేయదు. అది పనిచేయకపోవడం వల్ల ఒక మనిషికి నేను ఎంత అన్యాయం చేశానో, దాన్ని ఎలా దిద్దుకున్నానో చెప్పాలనే ఇప్పుడు నోరు విప్పాను.

నేను పుట్టింది ఒక పెద్ద రేకుల షెడ్డులో. నీలం టోపీ పెట్టుకున్న అమ్మాయి ఒకతె నా బటన్లన్నిటినీ పదేసిసార్లు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇది బాగుంది" అని పక్కన పెట్టింది. నా బతుకులో అన్ని బటన్లకీ సమానంగా న్యాయం జరిగింది ఆ ఒక్క రోజే.

అక్కణ్నుంచి గోదావరి పక్కనున్న రావులంకకి వచ్చాను. నన్ను కొన్నవాడు రైసుమిల్లు అడబాల తాతాజీ. వర్జ్యం చూసుకుని కొన్నాడు. ధరలు చెప్పే దళారి నంబరు నా రెండో బటన్‌లో దాచుకుని, అరగంటకోసారి దాన్ని బొటనవేలితో నల్లిని నలిపినట్టు నలిపేవాడు. మొదటి ఏడాదికి దాని మీద అంకె చెరిగిపోయింది. నాలుగో ఏడాదికి ప్రాణం పోయింది.

అప్పటికి తాతాజీకి రాజకీయం పట్టుకుంది. మిల్లు బాగా ఆడుతున్నవాళ్లకి మోకాళ్ల నొప్పులకన్నా ముందు వచ్చే జబ్బు అదే. ఆయన అరచేయంత ఫోన్ కొనుక్కుని, నన్నేం చేయాలా అని ఆలోచించి, పార్టీ సభలో "కార్యకర్తల సేవలకు గుర్తింపు" అని చెప్పి ఒకావిడ చేతిలో పెట్టాడు. ఫోటో కూడా తీయించాడు. ఫోటోలో నేను కొత్తదానిలాగే ఉన్నాను. రెండో బటన్ మీద ఆయన వేలు అడ్డం ఉంది మరి.

ఆవిడ పేరు గుత్తుల వరహాలమ్మ. ఇరవై రెండేళ్లుగా పార్టీలో ఉంది. సభ అంటే ఆడవాళ్లని పోగుచేయాలి, మంచినీళ్ల ప్యాకెట్లు పంచాలి, ఓటరు స్లిప్పులు గడపగడపకీ ఇవ్వాలి. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో, ఏ కోడలి ఓటు ఇంకా పుట్టింటి ఊళ్లోనే ఉందో, ఎవరు చనిపోయినా జాబితాలో బతికే ఉన్నారో ఆవిడ కాగితం చూడకుండా చెప్పేది. నేను ఆవిడ బొడ్లో గుడ్డసంచీలో ఉండి ఈ నియోజకవర్గం మొత్తం తిరిగాను. రెండు అంకె ఉన్న నంబర్లకి ఆవిడ నాతో ఫోన్ చేయలేకపోయేది, వాళ్లే ఆవిడకి చేసుకోవాలి. అయినా "తాతాజీ గారిచ్చిన ఫోనండి" అని అందరికీ చూపించుకునేది.

ఆవిడకి ఒక కోరిక ఉండేది. ఎప్పుడైనా అభ్యర్థుల పేర్లు చదివేటప్పుడు తన పేరు వినిపించాలని. మూడుసార్లు కౌన్సిలర్ టిక్కెట్ అడిగింది. ఒకసారి రిజర్వేషన్ మారిందన్నారు. ఇంకోసారి ఆడవాళ్లకే వచ్చింది, దాన్ని అప్పటి నాయకుడిగారి మరదలికి ఇచ్చారు. మూడోసారి "ఈసారికి సర్దుకో వరహాలమ్మా, వచ్చేసారి చూద్దాం" అన్నారు. ఆవిడ మొగుడు వీర్రాజు కొబ్బరిచెట్లెక్కి కాయల దింపు తీసే మనిషి, మాటల్లో మహా పొదుపరి. ఆయన మాత్రం "వచ్చేసారంటే ఏ సంవత్సరవే?" అని అడిగేవాడు.

ఇలా ఉండగా అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. అంతకుముందు రావులంకలో పార్టీ నాలుగు వందల పన్నెండు ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఈసారి మంచి అభ్యర్థి దొరికితే గెలుస్తామని అందరికీ తెలుసు. ఆ మంచి అభ్యర్థి తానేనని ఇద్దరికి తెలుసు. ఒకడు తాతాజీ, రెండోవాడు చేపల చెరువుల రామభద్రరాజు. ఇద్దరికీ చెరో ఆఫీసు, చెరో ఫ్లెక్సీ. ఒకరి ఫ్లెక్సీ ఇంకొకరు చింపడానికే కొంతమంది కార్యకర్తలు పగలంతా పనిచేసేవారు.

పై ఆఫీసు నుంచి ఒక పరిశీలకుడు దిగాడు. మూడు పేర్లు పంపాలి, అందులో ఒకటి ఆడవాళ్లది అయుండాలి, వాటి మీద జనానికి ఫోన్లు చేసి సర్వే చేస్తామన్నాడు. "ఆడవాళ్లలో ఎవరున్నారు?" అని అడిగితే తాతాజీ, రాజుగారు ఒక్క గొంతుతో "వరహాలమ్మ!" అన్నారట. ఆరు నెలల్లో వాళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే. ఆవిడైతే ఎవరికీ అడ్డం రాదని వాళ్ల నమ్మకం.

తరువాత పేర్ల వరసలో పేచీ వచ్చింది. రాజుగారి పేరు పక్కన తన పేరుండటానికి వీల్లేదని తాతాజీ, తాతాజీ పేరు పక్కన తన పేరుంటే చెరువులో దూకుతానని రాజుగారు. పరిశీలకుడు పెళ్లి పంక్తుల్లో పడనివాళ్లని కూర్చోబెట్టిన అనుభవం ఉన్నవాడు. వయసులో పెద్దని రాజుగారిని మొదట వేశాడు. చివర విన్న పేరే జనానికి గుర్తుంటుందని తాతాజీని చివర వేశాడు. ఇద్దరి మధ్యా వరహాలమ్మని కూర్చోబెట్టాడు. అంతా గుట్టుగా ఉండాలని ఏ వరస వేశాడో వాళ్లకి కూడా చెప్పలేదు. వరహాలమ్మకైతే తన పేరు ఉందన్న సంగతే ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినంత విషయమని ఎవరికీ తోచలేదు. ఇదంతా నాకు తరువాత తెలిసిన కథ.

గుట్టు అనగానే దాన్ని అమ్మేవాడొకడు పుట్టుకొస్తాడు. పై ఆఫీసులో తనకి అన్నీ తెలుసని చెప్పుకునే ఒకాయన తాతాజీకి ఫోన్ చేసి "మీ నంబరు రెండు" అన్నాడు. రాజుగారికి కూడా ఫోన్ చేసి "మీ నంబరు రెండు" అన్నాడు. ఆ జాబితా ఆయన కంటితో చూడలేదు. ఒకటి అంటే నమ్మరనీ, మూడు అంటే సంతోషించరనీ రెండు అన్నాడంతే.

ఇక చూడాలి రావులంక. తాతాజీ మనుషులు "ఫోనొస్తే రెండు నొక్కండి" అని తిరుగుతున్నారు. రాజుగారి మనుషులు "ఫోనొస్తే రెండు నొక్కండి" అని తిరుగుతున్నారు. ఎదురుపడ్డప్పుడు ఇటువాళ్లు రెండు వేళ్లు చూపిస్తే అటువాళ్లూ రెండు వేళ్లు చూపించేవారు. అవతలివాళ్లు మనలోకి వచ్చేశారని ఇద్దరూ మురిసిపోయి ఒకరికొకరు టీలు తాగించుకున్నారు. సరిగ్గా నొక్కలేరని అనుమానమున్నవాళ్ల ఫోన్లని ముందే పోగుచేశారు. మిల్లులో ప్లాస్టిక్ టబ్బుల నిండా ఫోన్లు, రాజుగారి షెడ్డులో చేపల ట్రేల నిండా ఫోన్లు. ఏది మోగితే దాన్ని ఎత్తి, అవతలి గొంతు "నమస్కారం" అనీ అనకముందే రెండు నొక్కి పడేయడానికి మనుషుల్ని కూర్చోబెట్టారు. నన్ను కూడా టబ్బులో వేశారుగానీ, ఒకడు రెండో బటన్ నొక్కి చూసి, "ఇది దేనికీ పనికిరాదు" అని వరహాలమ్మకి తిరిగిచ్చేశాడు. ఆ మాటకి నాకు కోపం వచ్చింది. తరువాత అదే మంచిదైంది.

తాతాజీ వరహాలమ్మకి ఇళ్లు తిరిగే పని అప్పజెప్పాడు. ఆవిడ ఎప్పటిలాగే కొంగు బిగించి బయల్దేరింది. కాలవ గట్టు మీద ఒక ముసలమ్మ అడిగింది.

"రెండు నొక్కితే ఏవొస్తాదే వరహాలూ?"

"తాతాజీ గారికి టిక్కెట్టొస్తాది పెద్దమ్మా."

"మరి నీకో?"

"నాకేటొస్తాది, కాళ్లనొప్పులొస్తాయి."

మూడో రోజు పొద్దున్న పదకొండింటికి, రేవు దగ్గర మెట్ల మీద ఉండగా నేను మోగాను. ఆవిడ స్పీకరు పెట్టి, బొటనవేలు రెండో బటన్ మీద ఆనించి సిద్ధంగా ఉంది. రికార్డు చేసిన ఆడగొంతు మొదలైంది. "రావులంక నుంచి మన అభ్యర్థిగా ఎవరుంటే బాగుంటుంది? రామభద్రరాజు గారైతే ఒకటి నొక్కండి. గుత్తుల వరహాలమ్మ గారైతే రెండు నొక్కండి. అడబాల తాతాజీ గారైతే మూడు నొక్కండి. మళ్లీ వినాలంటే సున్నా నొక్కండి."

ఆవిడ మెట్ల మీద కూర్చుండిపోయింది. సున్నా నొక్కింది. మళ్లీ వింది. మళ్లీ సున్నా నొక్కింది. అలా ఏడుసార్లు వింది. ఇరవై రెండేళ్లలో పార్టీ ఆవిణ్ని "గారు" అనడం అదే మొదలు.

ఎనిమిదోసారి రెండు నొక్కింది. నాలో ఏ చలనమూ లేదు. గట్టిగా నొక్కింది. గోటితో నొక్కింది, గాజుకి ఉన్న పిన్నీసు తీసి నొక్కింది. నా శక్తినంతా కూడదీసుకున్నాను, తక్కిన బటన్లన్నిటినీ బతిమాలుకున్నాను. "మీరు ఏ బటనూ నొక్కలేదు. ధన్యవాదాలు" అని ఫోన్ కట్టయింది. ఆ క్షణంలో నన్ను కాలవలోకి విసిరేసినా బాగుండుననిపించింది. నా బతుకులో అంత సిగ్గు పడింది మళ్లీ లేదు. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కాసేపు నవ్వింది, తరువాత పమిటతో కళ్లు తుడుచుకుంది.

అక్కణ్నుంచి నేరుగా వీర్రాజు పని చేస్తున్న తోటకి వెళ్లింది. ఆయన చెట్టు మీదున్నాడు.

"ఏవయ్యో! సర్వేలో నా పేరుందంట!"

"గెల పడతాది, పక్కకి తప్పుకో!" అని పైనుంచి కేక వేశాడు. గెల పడింది. అప్పుడు అడిగాడు. "ఏ సర్వే?"

"మన పార్టీదే! రెండంటే నేనంట!"

ఆయన గబగబా దిగాడు. మామూలుగా ఆయన అంత తొందరగా దిగడు.

"ఊరంతా రెండు నొక్కమని చెప్పింది నువ్వే గదే?"

"నేనే."

"అయితే ఇంకేం. నోరు మూసుకుని ఆ మాటే చెప్పు. నువ్వేవన్నా అబద్ధవాడేవా?"

"తాతాజీ గారి పేరు చెప్పి నాకు నొక్కించుకుంటే అది దొంగతనం కాదేటయ్యా?"

వీర్రాజు తల గోక్కున్నాడు. జీవితంలో ఒక్కసారి వచ్చిన అవకాశాన్ని పెళ్లాం నిజం చెప్పి పోగొట్టుకుంటోందని ఆయనకి అర్థమైంది. ఆపగలనన్న నమ్మకం ఆయనకెప్పుడూ లేదు.

ఆవిడ మిల్లుకి వెళ్లింది. టబ్బుల మధ్య తాతాజీ రాజాలా కూర్చున్నాడు. చుట్టూ రకరకాల పాటలతో ఫోన్లు మోగుతున్నాయి.

"బాబుగారూ, రెండు మీది కాదండి. నాదంటండి. మీది మూడండి."

"నీ పేరు లిస్టులో ఉన్నంత మాత్రాన నీకొచ్చేస్తాదనుకున్నావా?"

"అది కాదండి. ఒక్క ఫోను చెవి దగ్గరెట్టుకుని వినండి, తెలుస్తాది."

"హెడ్డాఫీసోళ్ల కంటే నీకెక్కువ తెలుసా? నీ ఫోన్లో రెండే పనిచెయ్యదు, నీకేం వినబడిందో ఏంటో. వింటా కూర్చుంటే గెలవం వరహాలమ్మా. ఎల్లి చెప్పిన పని చెయ్యి."

అంతకుముందే ఇద్దరు ముగ్గురు పేర్లు విని పరిగెత్తుకొచ్చి ఇదే మాట చెప్పారు. వాళ్లని రాజుగారి మనుషులని తరిమేశాడు. రాజుగారి షెడ్డులోనూ అదే జరిగింది.

ఆవిడ చెప్పాల్సిన చోట చెప్పింది. అయినా మనసు ఊరుకోలేదు. తిరిగిన ఇళ్లన్నీ మళ్లీ తిరిగింది. "రెండని చెప్పేను గదా, అది వదిలేయండి. పేర్లన్నీ విని, మీకు నచ్చినోళ్లకి నొక్కండి" అంది. కాలవ గట్టు ముసలమ్మకి ఒళ్లు మండింది. "నిన్న రెండన్నావు. ఇయ్యాల మారిస్తే నాకు గుర్తుండొద్దా? నేను రెండే నొక్కుతాను, పో!"

వారం తిరిగేసరికి ఫలితం వచ్చింది. నూటికి ఎనభై ఒక్క మంది వరహాలమ్మ కావాలన్నారు. పై ఆఫీసువాళ్లు ఆ లెక్క రెండుసార్లు వేసి చూసుకున్నారట. ఆవిణ్ని రమ్మని నాకే ఫోన్ చేశారు. వీర్రాజు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఇద్దరూ బస్సెక్కారు, నేను బొడ్లో ఉన్నాను.

పొడుగు బల్ల వెనక నలుగురు పెద్దలు. మధ్యలో ఉన్న పెద్దాయనే పార్టీకి అధ్యక్షుడు. ఒక పక్క కుర్చీల్లో తాతాజీ, రామభద్రరాజు పక్కపక్కనే కూర్చున్నారు. ఇద్దరూ ఒకే విధంగా ముఖాలు వేలాడేసుకున్నారు.

"ఇంత బలం ఎక్కడ దాచావమ్మా?" అన్నాడు పెద్దాయన.

వీర్రాజు ఆవిడ వంక చూశాడు. ఊరుకో అని ఆ చూపు. ఊరుకుంటే టిక్కెట్ చేతిలో పడుతుంది. ఇరవై రెండేళ్ల కోరిక అక్కడ బల్ల మీద ఉంది. నాకు కూడా ఆవిడ ఊరుకుంటే బాగుండుననిపించింది.

"అబద్ధం చెప్పలేనండి," అంది ఆవిడ. "జనం నన్నని తెలిసి నొక్కలేదండి. ఆ బాబులిద్దరూ రెండు నొక్కమన్నారని నొక్కేరు. తెలిసి నొక్కింది నేనొక్కదాన్నేనండి. అది పడలేదు."

అని నన్ను తీసి బల్ల మీద పెట్టింది. పెద్దాయన నన్ను చేతిలోకి తీసుకుని రెండో బటన్ నొక్కి చూశాడు. పక్కాయనకిచ్చాడు, ఆయనా నొక్కాడు. అంతలో తాతాజీ కుర్చీలోంచి లేచి, "అది నా పాత ఫోనండి! నేనే ఇచ్చాను!" అన్నాడు గర్వంగా. అని, ఏమన్నాడో తెలిసొచ్చి కూర్చున్నాడు.

పెద్దాయన చాలాసేపు నవ్వాడు. నవ్వడం అయ్యాక, "ఈసారి బటన్లు వద్దు. మనుషులే ఫోన్ చేసి మూడు పేర్లూ చదవండి. వాళ్ల నోటితో చెప్పమనండి" అన్నాడు.

పన్నెండు మంది ఆడపిల్లలు నాలుగు రోజులు ఫోన్లు చేశారు. టబ్బుల్లోంచి ఫోన్లు ఇళ్లకి చేరాయి. రావులంకలో ఇంటింటా వినిపించిన మాట ఒకటే. "వరహాలమ్మ పేరు కూడా ఉందా? మాకెవ్వరూ చెప్పలేదే!" ఈసారి ఎనభై ఒకటి రాలేదు. నూటికి నలభై ఆరు వచ్చాయి. మిగిలినవి ఆ ఇద్దరూ పంచుకున్నారు.

జాబితా బయటికొచ్చిన రోజు కరెంటు లేదు, టీవీలు పనిచేయలేదు. వరహాలమ్మ ఇంటి అరుగు మీద నన్ను నిలబెట్టి రేడియో పెట్టారు. వీధంతా చుట్టూ చేరింది. ఒక్కొక్క నియోజకవర్గం చదువుకుంటూ వచ్చి, చివరికి "రావులంక, గుత్తుల వరహాలమ్మ" అన్నాను. అన్నది ఎక్కడో కూర్చున్న వార్తల మనిషే అయినా గొంతు నాదే. "గారు" లేదు, అయినా ఆవిడ పట్టించుకోలేదు. నా రెండో బటన్ చేసిన అన్యాయం ఆ రోజుతో చెల్లిపోయిందని నేననుకున్నాను.

ఎన్నికల్లో ఆవిడ మూడు వందల అరవై ఓట్లతో గెలిచింది. గెలిచినవాళ్లకి కొత్త ఫోన్లొస్తాయి. నేను వీర్రాజు పాలబడ్డాను. ఆయనకి నాతో పనే లేదు, ఆదివారం ఆదివారం కరెంటు మాత్రం తాగించి వరండాలో మేకుకి తగిలించేవాడు. అక్కణ్నుంచి అయిదేళ్లు చూశాను. మొదట్లో జనం నేరుగా వంటింట్లోకి వచ్చేవారు. తరువాత వరండాలో ఆగేవారు. ఆ తరువాత గేటు దగ్గర పేరు రాయించుకుని ఆగేవారు. కాలవ గట్టు ముసలమ్మ ఒకరోజు రెండు గంటలు ఆగి వెళ్లిపోయింది. వరహాలమ్మకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. మళ్లీ సర్వే అన్నారు, మళ్లీ బటన్లే అన్నారు. ఈసారి ఆవిడకి పోటీగా ముగ్గురున్నారు. ఒకరోజు పొద్దున్నే లేచి చూద్దును కదా, వరండాలో ప్లాస్టిక్ టబ్బులు, టబ్బుల నిండా ఫోన్లు. ఆవిడ మనుషులు కుర్చీలేసుకుని కూర్చున్నారు. వీర్రాజు కాసేపు చూశాడు. మేకు మీద నుంచి నన్ను తీసి, టబ్బులో అన్నిటికన్నా పైన పెట్టి, పంచె సర్దుకుని పక్కకెళ్లి నిలబడ్డాడు.

వరహాలమ్మ బయటికొచ్చింది. నన్ను చూసింది. ఎత్తి చేతిలోకి తీసుకుంది. బొటనవేలు దానంతటదే రెండో బటన్ మీదకి వెళ్లింది.

"ఎవరి ఫోన్లు వాళ్లకిచ్చేయండి," అంది.

"మేడమ్, అవతలోళ్లు అప్పుడే నాలుగు టబ్బులు…"

"ఇచ్చేయండన్నాను గదా."

"టిక్కెట్టు పోద్దండి."

"పోతే పోతాది. ఇని నొక్కుకుంటారు."

ఫోన్లన్నీ వెళ్లిపోయాయి. మర్నాడు మధ్యాహ్నం వీర్రాజు చేతిలో నేను మోగాను. ఆ ఆడగొంతే, ఈసారి నాలుగు పేర్లు. ఆయన మొత్తం విన్నాడు. సున్నా నొక్కి మళ్లీ విన్నాడు. గుమ్మంలో నిలబడ్డ పెళ్లాం వంక చూసి అడిగాడు.

"ఏం నొక్కమంటావే?"

"నన్నడుగుతావేటయ్యా? ఇన్నావు గదా, నీ ఇష్టం" అని ఆవిడ లోపలికి వెళ్లింది. తలుపు పక్కనే ఆగిందని నాకు తెలుసు, చీర అంచు కనబడుతోంది.

వీర్రాజు ఇంకాసేపు ఆలోచించి ఒక బటన్ నొక్కాడు. ఏదో నాకు తెలుసు. కానీ అది ఓటులాంటిది, నేను బయటికి చెప్పేదాన్ని కాను. ఈసారి పడిందని మాత్రం చెబుతాను.